నల్లడబ్బల కూసున్న సారు

ఇయ్యాల ఐతారం. పొద్దుగాల చాట ముంగటేసుకొని తునికాకు కత్తిరిస్తున్న. పక్కకు పెట్టిన ఫోను టింగుమన్నది. సూస్తే అదే ముచ్చట. "మీ క్లాసు మొదలుకాబోతుంది" అని. ఏ క్లాసూ లేదు. ఆ క్లాసు చెప్పే ఆమె లేదు, మేం కూసునే అర్ర లేదు. ఎన్నడో పరీక్షించి సూసేటందుకు పెట్టిన లింకు అది. ప్రతి ఐతారం మోగేటట్టు పెట్టి, తీసేసుడు ఎవలో మర్సిపోయిండ్రు. అయినా నేను ఒత్తుత. ఒత్తితే తెల్లటి తెర మీద ఒక చక్రం తిరుగుతది. "ఆగండి, మిమ్మల్ని లోపలికి తీసుకుంటారు" అని రాసుంటది. కింద చిన్న డబ్బల నా మొకమే నాకు కనవడతది. ఎవలు తీసుకుంటరు లోపలికి? ఎవలున్నరు లోపల? ఎవలూ లేని ఇంట్ల పట్టపగలు తలుపు దానంతటదే కొట్టుకుంటే ఎట్లుంటది, నాకు గట్ల అనిపిస్తది.

ముందుగాల ఒక మాట చెప్పాలె. నేను గిట్ల రాసుడు ఇదే మొదలు. చిన్నప్పుడు బడిల అయిదు దాటలే. కొమ్ములు, ఒత్తులు తప్పితే ఏమనుకోకుండ్రి. "మాట్లాడినట్టే రాయుండ్రి అక్కా, కలం పట్టంగనే కొత్త కోడలు లెక్క బిర్రుగ అయిపోవద్దు" అని మా మేడం చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తున్న. ఆమె గురించే రాస్తున్న.

మా మేడం ఐతారం ఐతారం కరీంనగర్ నుంచి బస్సుల వచ్చేది. మా లక్సెట్టిపేటల బస్టాండు ఎనుకకు ఒక పాత అర్ర ఉండె. ఒకప్పుడు బీడీల కార్ఖానోల్లు అండ్ల తునికాకు మూటలు పెట్టెటోల్లు. మూటలు పోయినయి గని వాసన పోలే. వాన పడ్డనాడు గోడలకెల్లి పొగాకు వాసన లేసి, పుస్తకం ఇప్పితే బీడీ కట్ట ఇప్పినట్టే ఉండేది. నా అసొంటి ఆడోల్లం, సగం మందిమి బీడీలు చేసేటోల్లమే, బడికి పోకుంట పది పరీక్ష రాసే దూరం చదువుకు పేర్లిచ్చినం. వారమంతా ఇంట్ల చదువుకోవాలె, ఐతారం ఒక్కనాడు మేడం వచ్చి సమజ్ కానిది చెప్పాలె. బస్సు ఎన్నడూ టయానికి రాకపోయేది. మేం గడప మీద కూసుండి పల్లీలు ఒలుసుకుంట ఎదురుసూసేది. బస్సుల కెల్లి నల్ల బురఖా దిగి, మొకం మీది గుడ్డ ఎత్తి, "డ్రైవర్ చాయ్ కోసం ఆపిండు అక్కా, నేనేం చేయాలె" అని నవ్వుకుంట వచ్చేది. గా డ్రైవర్ తాగే చాయ్‌కి గోదారి ఎండుతదని మేమనేది. పగటీలి ఆమె తెచ్చిన ఖట్టా దాల్ మేం తినేది, మా జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు ఆమె తినుకుంట ముక్కు తుడుసుకునేది.

ఆమెకు ఒక అలవాటుండె. పాఠం చెప్పి "సమజైందా?" అని అడిగేది. మేమందరం తల ఊపేది. ఆమె నమ్మకపోయేది. ఒకలి మొకం సూసి, "అయితే నువ్వు చెప్పు" అనేది. అగో, అప్పుడు పట్టువడేది మా బండారం. లెక్కలల్ల సగం, పావు, ముప్పావు అని భిన్నాలుంటయి సూడుండ్రి, అవి నాకు ఎంతకూ ఎక్కకపోయేటివి. బోర్డు మీద సాక్‌పీసుతోని గుండ్రంగ రొట్టె గీసి, "గీ రొట్టె నలుగురికి పంచితే నీకెంతొస్తది?" అని అడిగింది. "ముందు మొగోల్లు తింటరు మేడం, నాకేం రాదు" అన్న. అందరూ పడి పడి నవ్విండ్రు. ఆమె నవ్వుకుంటనే ఇంకో రొట్టె గీసింది. సమజ్ కాకుంటే కాలేదనాలె, అది తప్పు కాదు అనేది. తప్పు కాదని ఆమె ఎన్నిసార్లు చెప్పినా, "కాలే" అనాలంటే మా నాలుక లేవకపోయేది. అంత చదువుకున్నామె అంత దూరం కెల్లి వచ్చి చెప్తే, సమజ్ కాలేదంటే ఆమెను తక్కువ చేసినట్టుంటది కదా.

మా అందరిల చురుకు మా వదినె. అంటే మా అన్న పెండ్లాం, మా ఇంటి పక్కిల్లే. చిన్నప్పటి నుంచి బీడీలు చేసి చేసి, గా జర్ద దుమ్ముకు ఆమెకు దగ్గు పట్టుకున్నది. ఆ పని విడువకుంటే దగ్గు విడువదని డాక్టర్ ఖుల్లా చెప్పిండు. పది పాసైతే మా వాడల అంగన్‌వాడీల నౌకరీ దొరుకుతదని ఆమె ఆశ. నాకు చదువంటే ఐతారం నాడు ఇల్లు విడిచి జర గాలి పీల్సుకునుడు. ఆమెకు మాత్రం నిజంగనే గాలి.

ఒక ఐతారం మేడం వచ్చి పుస్తకం ఇప్పలే. మొకం వాడిపోయింది. పెద్దాఫీసోల్లు క్లాసులన్నీ ఫోనుల పెడదామనుకుంటుండ్రు అని చెప్పింది. దాన్ని వెబినార్ అంటరట. "అదేం నార మేడం, మంచానికి అల్లుతరా?" అని వదినె అన్నది. మేడం నవ్వింది గని నవ్వు కండ్ల దాకా రాలే. ఫోనుల ఎక్కిచ్చుకునేటివి మూడు రకాలున్నయి, ఐతారానికొకటి పెట్టి సూస్తరు, మా అసొంటోల్లకు ఏది మంచిగ పనిచేస్తే అది తీసుకుంటరు అని చెప్పింది. జర ఆగి, సాక్‌పీసు ముక్కను వేళ్లతోని నలుపుకుంట, "ఏదీ పనిచేయకుంటే గీ అర్ర గిట్లనే ఉంటది. ఉన్నదున్నట్టు చెప్పుండ్రి అక్కా" అన్నది. గా మాట అందరం విన్నం. ఒక్కలం కూడ పట్టుకోలే.

ఎందుకు పట్టుకోలేదంటే, జర ఎనుకకు పోవాలె. నేను అయిదు చదివేటప్పుడు బడికి ఇన్‌స్పెక్టర్ వస్తడంటే పండుగే. మా అవ్వ తలకు నూనె పెట్టి, బిర్రుగ రెండు జడలేసి పంపేది. సారు ముందుగాలనే నేర్పిచ్చేటోడు. ఇన్‌స్పెక్టర్ ఏది అడిగినా "మంచిగున్నది సార్" అనాలె, "సమజైందా" అంటే "అయింది సార్" అనాలె. ఆయన ఎల్లిపోయినంక మా సారు అందరికీ పిప్పరమెంట్లు పంచేటోడు. అంటే ఏంది? పైకెల్లి ఎవలన్న వచ్చి అడిగితే, మంచిగున్నదంటే మన సారుకు మంచి పేరు. బాగలేదంటే మన సారు నౌకరీకే ముప్పు. గిది మాకు అ ఆల కంటె ముందు అబ్బిన చదువు.

మొదటి రకం పెట్టిన ఐతారం ఎవలింట్ల వాల్లం కూసున్నం. తెర నిండ డబ్బలు, డబ్బకో మొకం. వదినె డబ్బల ఆమె మొకం లేదు, ఇంటి రేకులు, తిరిగే ఫ్యాను. ఒకామె డబ్బల కోడి కూత, ఇంకోదాంట్ల కుక్కర్ సీటీ, అందరం ఒకటే నవ్వుడు. మేడం నోరు తెరుస్తున్నది, మూస్తున్నది, సప్పుడు మాత్రం ఎప్పుడో ఎనుక కెల్లి తెగి తెగి వస్తున్నది. గా నవ్వులల్ల నేను మూలకున్న ఒక డబ్బ సూసిన. నల్లగున్నది. మొకం లేదు, పేరు లేదు. పాఠమంతా అది అట్లనే ఉన్నది, కదలలే. వదినె పెద్దగ అడగనే అడిగింది, "ఎవలు మేడం గా నల్లడబ్బల కూసున్నది?" మేడం మెల్లగ, "ఆఫీసు సార్లు అక్కా, సూస్తుండ్రు" అన్నది. అంతే, అందరం కొంగులు సదురుకున్నం. చివరికి గా డబ్బల కెల్లి ఒక మొగ గొంతు వచ్చింది. "ఎట్లుందమ్మా?" అని. ఒక్కలు నోరు తెరిస్తే ఒట్టు. సూసేటోడు మనకు కనవడకుంట, మనం మాత్రం ఆయనకు దండెం మీది బట్టలతోని సహా కనవడుడు, ఏం జెప్పాలె, చలి పెట్టినట్టయింది. మేడమే అందుకొని, "సరిగ వినవస్తలేదు సార్" అన్నది. డబ్బ టుక్కున ఆరిపోయింది.

తెల్లారి కార్ఖానల బీడీలు అప్పజెప్పేకాడ అందరం కలిసినం. వదినె మా మీద లేసింది. "నోట్లె బెల్లం పెట్టుకున్నరానే? ఆమె క్లాసు మంచిగ సాగలేదని పైకి పోదా ఇప్పుడు? మనం బతికుండంగ ఆమె నౌకరీ పోతదా?" అన్నది. నిజమే అనిపిచ్చింది. ఈసారి ఏమడిగినా మంచిగున్నదనుడే అని నిలవడ్డం.

రెండో రకం ఇంకా అధ్వానం. మేడం బొమ్మ మాటికి గడ్డకట్టేది, కన్ను సగం మూసి, నోరు సగం తెరిసి. సచ్చినోల్ల ఫోటో లెక్క కనవడితే నేను ఫోను తిప్పి పెట్టిన. అయినా గా గొంతు అడిగితే అందరం ఒక్క తీరుగ, "మంచిగున్నది సార్" అన్నం. మేడం బొమ్మ గడ్డలకెల్లి కదిలింది. ఏదో అనబోయింది, మళ్లా గడ్డకట్టింది.

మూడో దాంట్ల చెయ్యెత్తేటందుకు పచ్చటి చెయ్యి బొమ్మ ఉన్నది. ఆనాడు మేడం కొత్త లెక్క చెప్పింది. నాకు దాంట్ల సగం మాటలు కూడ అందలే. "వినవస్తుందా?" అని నల్లడబ్బ అడిగింది. డబ్బ డబ్బకు పచ్చచేతులు లేసినయి. నేనూ లేపిన. అప్పుడు మేడం ఫోను దగ్గరికి వంగింది. మా అందరి మొకాలు వెతికినట్టు సూసి, తన పాత మాట అడిగింది. "అయితే చెప్పుండ్రి, ఇప్పుడు నేనేం చెప్పిన?"

అందరం పట్టువడ్డం అనుకున్న. గంతల వదినె అందుకున్నది. రొట్టె నాలుగు ముక్కలు చేస్తే ఒక్కటి పావు, రెండు కలిపితే సగం, మూడు కలిపితే ముప్పావు అని ఎక్కడా ఆగకుంట, దగ్గకుంట, గడగడ అప్పజెప్పింది. అది అర్రల బోర్డు మీద నేర్సుకున్న పాఠం. ఆనాటి లెక్క కాదు. నాకు ఎరికే, మేడానికి ఎరికే. నల్లడబ్బకు ఎరికలేదు. మేడం బొమ్మ కదలలే. ఈసారి గడ్డకట్టిందనుకుందామంటే, ఆమె ఎనుక పరదా గాలికి కదులుతున్నది. ఆఖరికి, "మస్తు చెప్పినవ్ అక్కా" అన్నది. "వెరీ గుడ్" అన్నది గొంతు. టుక్కున ఆరిపోయింది.

మళ్లా ఐతారం మేం ఖుషీగ సకినాలు పట్టుకొని అర్రకు పోయినం. తలుపులు బార్లా తెరిసున్నయి. మేడం లేదు. లోపల ఎవలో ఇద్దరు టేపు పట్టి గోడలు కొలుస్తుండ్రు, దుకానం పెడతరట. బోర్డును బయట మోరి పక్కకు ఆనిచ్చిండ్రు. దాని మీద రొట్టె ఇంకా ఉన్నది, సగం చెరిగి. వదినె కొంగుతోని తుడువబోయి, ఆగింది.

అటెనుక మేడం నాకు ఒక్కసారి ఫోన్ చేసింది. "ఫోన్ పాసైంది అక్కా. మీరే పాస్ చేసిండ్రు" అని నవ్వింది. కోపం లేదు గా నవ్వుల, అందుకే నాకు ఏడుపొచ్చింది. వదినె చెప్పింది తప్పని అప్పుడే ఎందుకనలేదు మేడం అని అడిగిన. "అంత ఇష్టంగ చెప్తుంటే, గా సార్ల ముందర ఆమెను తప్పని ఎట్ల అందును?" అన్నది. మేం ఆమె ఇజ్జత్ కాపాడినం, ఆమె మా ఇజ్జత్ కాపాడింది. నడుమల అర్ర పోయింది, ఆమె నౌకరీ పోయింది. ఇప్పుడు ఆ నంబరు కలుస్తలేదు.

ఫోనుల క్లాసులైతే వచ్చినయి. ఎవలో ఒక సారు, ఎన్నో ఊర్లోల్లకు ఒక్కటేసారి చెప్తడు. ఆగడు, "అయితే నువ్వు చెప్పు" అని అడగడు. వదినె కొన్నాళ్లు విన్నది. సమజ్ కాలే సార్, అని ఫోనుల గట్టిగనే అన్నది, జిందగీల మొదటిసారి. సారు ఆగకుంట చెప్పుకుంటనే పోయిండు. వదినె పరీక్షకు పోలే. మళ్లా చాట ముంగటేసుకున్నది.

"మీరే పాస్ చేసిండ్రు" అని మేడం ఫోనుల నాతోని అన్న మాట వదినెకు ఇప్పటికీ చెప్పలే. గిది అచ్చయితే ఆమె కూడ చదువుతది, చదువుడు మేడం నేర్పిందే కదా. గందుకే గా మాటను రెండుసార్లు కొట్టేసి మళ్లా రాసిన. ఇగో, గోడవతల దగ్గు ఇనవస్తున్నది, నిన్నటి కంటె లోతుగ. ఫోనుల చక్రం ఇంకా తిరుగుతనే ఉన్నది. ఎనుకట బస్సు రాకుంటే రోడ్డు దిక్కు సూస్తే తెలిసేది, ఆలస్యమైందా, ఇగ లేదా అని. గీ చక్రం సూస్తే తెలుస్తలేదు. ఆలస్యమైన కాలమూ, అయిపోయిన కాలమూ ఒక్క తీరుగనే తిరుగుతున్నయి.