వదిన మార్చిన రంగులు

మా ఆఫీసులో ఆవిణ్ణి అందరం వదిన అనేవాళ్లం. ఆవిడ భర్త మా గుంపులో పెద్దవాడు, అందరికీ అన్నయ్య. అలా ఆవిడ వదిన అయిపోయింది. ఇద్దరూ ఒకే గదిలో, ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని, ఒకే చిప్పు మీద పనిచేసేవారు.

అది కంప్యూటరు తెరకి రంగులు అందించే చిప్పు. అంతకుముందు ఆ పనికి విడిభాగాలతో నిండిన పెద్ద బోర్డు కావాల్సి వచ్చేది. అదంతా గోరంత ముక్కలోకి దించాలని మా పట్టుదల. తెర మీది బొమ్మలో ప్రతి చుక్కకీ ఒక అంకె ఉంటుంది. ఏ అంకెకి ఏ రంగో గుర్తుపెట్టుకునే పట్టిక వదిన వంతు. ఆ రంగులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో చూసి, అంత విద్యుత్తు తెరకి పంపే భాగం అన్నయ్య వంతు. పట్టికలో రంగు మారిస్తే చాలు, బొమ్మని ముట్టుకోకుండానే తెరంతా మారిపోతుంది.

“ఆవిడ దాస్తుంది, ఈయన బయటపెట్టేస్తాడు, కాపురమూ అంతే” అని మేం ఏడిపించేవాళ్లం. ఈ చిప్పు పోతే మన చేతికి చిప్పే, పని చూడండి అని అన్నయ్య నవ్వేసేవాడు.

డిజైను తయారీకి పంపి, చిప్పుల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, ఒక ఉదయం అన్నయ్య గడ్డం గీసుకుంటూ సింకు దగ్గరే కుప్పకూలిపోయాడు. మెదడు వెనక భాగంలో రక్తం గడ్డకట్టిందన్నారు. ప్రాణం దక్కింది. కాలూ చెయ్యీ మాటా అన్నీ నిలిచాయి. అదృష్టం బాగుందనుకున్నాం.

ఇంటికి తీసుకొచ్చిన రోజు ఆయన కిటికీ వైపు చూసి, కర్టెన్లు ఎందుకు మార్చావని అడిగాడట. వదిన మార్చలేదు. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ కలిసి ఎంచుకున్న ఎర్ర కర్టెన్లే అవి. కళ్లకేమీ కాలేదని, మెదడులో రంగుల్ని పోల్చుకునే చోటు మాత్రం చచ్చిపోయిందని, అది మళ్లీ రాదని డాక్టరు తేల్చేశాడు. అన్నయ్య ఆ మాట చెవికెక్కించుకోలేదు. కళ్లద్దాలు మారిస్తే సరిపోతుందనేవాడు.

చిప్పులు వచ్చాయి. మొదటిది బోర్డులో పెట్టి కరెంటు ఇవ్వగానే తెర నిండా రంగులు పూశాయి. మేం చప్పట్లు కొట్టాం. వదిన మాత్రం ఎదుటి ఖాళీ కుర్చీ వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత మేనేజరు దగ్గరికెళ్లి, ఆ బోర్డూ కొలిచే పరికరమూ ఇంటికి తీసుకెళ్తానంది. ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, “తీసుకెళ్లమ్మా. నేను చూళ్లేదు” అన్నాడు.

సామానంతా ఆటో నుంచి దించి భోజనాల బల్ల మీద సర్దింది నేనే. వదిన తమ ఇద్దరి ఫొటో తెర మీద పెట్టింది. అన్నయ్య చాలాసేపు చూశాడు.

“నీ వంతు బానే పనిచేస్తోంది. నాదే తప్పింది. మూడు రంగులూ ఒకేలా వస్తున్నాయి చూడు.”

“మీది కూడా సరిగ్గానే ఉందండీ.”

“నా మొహం చూసి అబద్ధం చెప్పకు. కొలిచి చూపించు.”

వదిన చేతులు ఆగిపోయాయి. కొలిస్తే చిప్పు గెలుస్తుంది, ఆయన ఓడిపోతాడు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. చివరికి తీగలు తగిలించింది. పరికరం మీద మూడు గీతలు మూడు ఎత్తుల్లో, ఆయన లెక్కగట్టినట్టే నిలబడ్డాయి. గీతలు చదవడం ఆయనకి ఒకరు నేర్పక్కర్లేదు. వాటి వంక చూసి చూసి, “అయితే చిప్పుకేం లేదు” అన్నాడు మెల్లగా. ఆపైన తల ఎత్తలేదు.

వదిన ఏడవలేదు. కుర్చీ లాక్కుని పట్టికలో అంకెలు మార్చడం మొదలుపెట్టింది. ఫొటోలో ఆవిడ వెనక లేత ఆకుపచ్చ గోడ ఉంది. ఆయన కంటికి గోడా ఆవిడ మొహమూ ఒకే బూడిదలో కలిసిపోతున్నాయి. గోడని నల్లబరిచింది. మొహాన్ని తెల్లబరిచింది. ఫొటో మా కళ్లకి వికారంగా తయారైంది.

“ఇప్పుడు చూడండి.”

ఆయన తల ఎత్తాడు. “ఆఁ. ఇప్పుడు కనబడుతున్నావు” అన్నాడు.

అంతవరకే. తెర బయట ఏ పట్టికా లేదు. అన్నయ్య మళ్లీ ఆఫీసుకి రాలేదు. మేం వెళ్తే రెండు మాటలు మాట్లాడి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. తినమంటే తినేవాడు, లేకపోతే అదీ లేదు. రెండేళ్లకి నిద్రలోనే పోయాడు. చిప్పు కొన్నాళ్లు బాగా అమ్ముడైంది. తర్వాత ఆ పనంతా ఇంకో పెద్ద చిప్పు తనలో కలిపేసుకుంది, మా విభాగం మూసేశారు. ఎవరి దారి వాళ్లదైంది.

ఈ మధ్య వదిన ఇంటికి వెళ్లాను. నలుపూ బూడిదా తప్ప ఇంకో రంగు బట్ట కట్టడం లేదు. ఆరోగ్యం సంగతి అడిగితే బానే ఉందంది. టీ చేతికిచ్చి తనే చెప్పింది.

“ఎక్కడైనా మంచి రంగు కనబడిందనుకో, చప్పున తల తిప్పేసుకుంటాను. ఆయనకి పెట్టకుండా నేనొక్కదాన్నే తింటున్నట్టుంటుంది.”

టీ తాగేసి లేచాను.