ఎండుచేపల కింద మొగుడు

మా బస్టాండులో బియ్యప్పిండి రొట్టెలు అమ్మే రహేలివావుది, అంటే మా వావక్కది, మంచి నోరు కాదంటారు. ఆమె పక్కనే కూర్చుని కాఫీ అమ్ముకునేదాన్ని కాబట్టి చెబుతున్నా, నిజంగానే కాదు. పెనం మీద రొట్టె తిరగేస్తూ పోలీసుల్నీ, పాస్టరునీ, వాననీ కలిపి ఒకే ఊపులో తిట్టగలదు. కానీ మొగుడు ఫరలాహిని తిట్టినంతగా ఎవర్నీ తిట్టలేదు.

ఫరలాహి తమతావ్ రేవులో పనికని వెళ్లి, జ్వరం తగిలి అక్కడే పోయాడు. అక్కడే పాతిపెట్టారు. మా ఆచారంలో, పరాయి మట్టిలో ఉన్నంతకాలం మనిషి ఇల్లు చేరినట్టు కాదు. ఎముకలు తెచ్చి వంశపు సమాధిలో పెట్టాలి. అది ఫరలాహి అన్నగారు రంద్రియ చేయాల్సిన పని. ఆయన మాత్రం ఏటా ఒకటే మాట: "ఈ కోతలు కానీ అమ్మాయ్."

ఒకరోజు పొద్దున్నే వావక్క పెనం బోర్లించి, "నా జాగాలో ఎవర్నీ కూర్చోనీకు. మా ఆయన్ని తీసుకొస్తా" అని వెళ్లిపోయింది.

ఆ ఏడు సమాధులు పగలగొట్టి ఎముకలు అమ్ముకునే దొంగలు ఎక్కువయ్యారు. అనుమతి లేకుండా ఎముకలతో దొరికితే జైలే. వావక్క అనుమతి కోసం ఆఫీసుకు వెళితే, పెద్దాయన లేడు, రేపు రమ్మన్నారు. మర్నాడూ అదే మాట. ఆమెకు ఓపిక అయిపోయింది. మొగుడి తోటి కూలీలు తవ్వి తీసిచ్చిన ఎముకల్ని కొత్త పట్టుగుడ్డలో చుట్టి గంపలో పెట్టింది. తెలిస్తే వ్యాను వాడు ఎక్కించుకోడని పైన ఎండుచేపలు పరిచింది.

దారిలో చెక్‌పోస్టు దగ్గర సోలు అనే జవాను గంపలో చెయ్యి పెట్టాడు. చేపల కింద చెయ్యి ఆగిపోయింది.

"ఏంటమ్మా ఇది?"

"ఏంటి కాదు, ఎవరు అని అడుగు. మా ఆయన."

వ్యానులో సగంమంది దిగిపోయారు. మిగతా సగం ఇంకా బాగా కనబడాలని ముందుకు జరిగారు.

"మీ ఆయనేనని రుజువేంటి?"

"పెళ్లయిన దగ్గర్నుంచీ నేను మాట్లాడుతుంటే ఇలాగే పలక్కుండా ఉంటాడు నాయనా."

సోలు నవ్వు ఆపుకుని ఆమెను స్టేషనుకు తీసుకెళ్లాడు. గంప నేలమీద పెట్టబోతే వావక్క ఊరుకోలేదు.

"మీ తాతనైతే అలాగే పెడతావా? పోయిన పెద్దల్ని ఉంచేది ఈశాన్యం మూల, అక్కడ చూడు."

ఈశాన్యం మూలలో అధికారి కుర్చీ ఉంది. చివరికి అధికారే లేచి కుర్చీ జరిపించాడు. ఆ మధ్యాహ్నం స్టేషనులో అందరూ బయట ఎండలో నిలబడి అన్నం తిన్నారు.

కబురందుకుని రంద్రియ వచ్చాడు. మూట విప్పి చూపించారు. ఎడమకాలి ఎముక వంకరగా అతుక్కుని ఉంది. ఆయన ఆ వంకరని వేలితో తడిమాడు.

"మా వాడే. చిన్నప్పుడు ఎడ్లబండి మీంచి పడ్డాడు."

"పడ్డాడా, బావగారూ?"

"నేనే తోశాను. ముందు కూర్చుంటానని గొడవపడ్డాం." ఆ పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "వాడు ఇంట్లో చెప్పలేదు."

"నాకూ చెప్పలేదు" అంది వావక్క. మొగుడి మీద మొదటిసారి గౌరవం కలిగిందని తర్వాత నాతో అంది.

ఎముకల దొంగతనం కేసు పోయింది. అనుమతి లేకపోవడం, అవశేషాలను అగౌరవపరచడం మాత్రం కోర్టు దాకా వెళ్లాయి.

"భర్త మీద ఎండుచేపలు పెడతావా?" అన్నాడు ప్రభుత్వ వకీలు.

"ఆయనకి అవంటే ప్రాణం అయ్యా. బతికుండగా నేనే సరిగా పెట్టలేదు."

జడ్జిగారు ఆరు నెలల జైలు అన్నారు. కానీ ఆ శిక్ష ఇప్పుడే అమలు కాదట. ఏడాదిలోపు ఇలాంటి తప్పు మళ్లీ చేస్తేనే లోపల వేస్తారట.

ఈసారి ఫరలాహి స్టేషను నుంచి అనుమతితో, ఎముకలు వస్తున్నాయని తెలిసేలా వ్యానుకు జెండా కట్టించుకుని ఊరికి వచ్చాడు. బాజాలు మోగుతుంటే రంద్రియ తమ్ముణ్ని భుజాన మోసుకుంటూ, ఎవరడిగినా ఇవ్వకుండా సమాధి దాకా చిందులేశాడు.

ఆ ఏడాదంతా ఎవరింట్లో చావైనా వావక్క గుమ్మం బయటే నిలబడి పలకరించేది. "నేను లోపలికి రాను తల్లీ, ముట్టుకున్నానంటే ఆరు నెలలు" అనేది. అది వేరు, ఇది వేరు అని ఎంత చెప్పినా వినలేదు.

గడువు పోయిన నెలలో తీరింది. ఆ వారమే మా అమ్మ పోయింది. అందరికంటే ముందు లోపలికొచ్చి, గోరువెచ్చని నీళ్లతో మా అమ్మ పాదాలు కడిగింది వావక్కే.