నీలం గుర్తు, ఎర్ర గుర్తు

ఆవిడకి గుర్తులమ్మ అని కొడుకు పెట్టిన పేరు. పెట్టడా మరి? ఇంట్లో తుండుగుడ్డ మొదలుకొని గొడుగు సంచి దాకా ఆవిడ సూది తగలని గుడ్డ లేదు. పెద్ద ఆసుపత్రి లాండ్రీలో ఆవిడ చేసిన ఉద్యోగమే అది. వార్డుల నుంచి వచ్చే దుప్పట్లకీ, దిండు గలీబులకీ మూలన దారంతో గుర్తు కుట్టాలి. సిరాతో వేస్తే నాలుగు ఉతుకులకి వెలిసిపోతుంది, దారమైతే గుడ్డ చిరిగేదాకా ఉంటుంది. ఆసుపత్రి సొంత బట్టలకి నీలం దారం. చుట్టుపక్కల చిన్న నర్సింగ్ హోములు ఉతకమని పంపే వాటికి ఎరుపు. నీలమైతే మనది, ఎరుపైతే బయటిది, ఉతికి వెనక్కి పంపెయ్యాలి. చేరిన రోజు చెప్పిన ఈ ఒక్క ముక్కా రిటైరయ్యే రోజు దాకా ఆవిడ తప్పలేదు.

రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు. వంటింట్లో డబ్బాలు సర్దిందే సర్దింది. "నువ్వలా కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే చూడలేక చస్తున్నా" అని భర్త విసుక్కున్నాడు. దాంతో కింది వాటాలో ఉన్న టైలరమ్మ దగ్గర ఎంబ్రాయిడరీ నేర్చుకోడానికి కూర్చుంది. గొలుసు కుట్టు ఒక్క పూటలో పట్టేసింది. పువ్వు దగ్గరికి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. గుర్తులు కుట్టి కుట్టి బిగిసిన చెయ్యి కదా, గీత నిటారుగా నిలబడుతుందే తప్ప రేకు వంగదు.

"ఇది పువ్వా, టేబుల్ ఫ్యానా?" అన్నాడు ఆయన.

"చూసేవాళ్ళ కళ్ళని బట్టి ఉంటుంది" అని ఆవిడ మూతి తిప్పుకుంది. ఆయన అటు వెళ్ళగానే ఆ పువ్వు విప్పేసి మళ్ళీ మొదలుపెట్టింది.

ఇంతలో కొడుకు పెళ్ళయింది. కోడలు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. మొదటి భర్త నుంచి విడిపోయింది, తొమ్మిదేళ్ళ కూతురుంది. ఆ పిల్ల అప్పటిదాకా కొన్నాళ్ళు పిన్ని ఇంట్లో, కొన్నాళ్ళు అమ్మమ్మ దగ్గర, కొన్నాళ్ళు తల్లి స్నేహితురాలి గదిలో పెరిగింది. ఈ ఇంట్లోకి వచ్చి అడిగిన మొదటి మాట, "ఇక్కడ ఎన్నాళ్ళుంటాం?"

కోడలి మొహం చిన్నబోయింది. "ఎన్నాళ్ళేమిటే, ఇది నీ ఇల్లే" అంది గుర్తులమ్మ. పిల్ల తలూపింది. నమ్మి కాదు, పెద్దవాళ్ళు ఇలాగే అంటారులే అన్నట్టు. అది గుర్తులమ్మకి ముల్లులా గుచ్చుకుంది. ఏం చేసైనా సరే, ఇది తన ఇల్లని ఈ పిల్లకి అనిపించాలని ఆవిడ పంతం పట్టింది.

అల్లరి పిల్లయితే ఓ మొట్టికాయ వేసి దగ్గర చేసుకోవచ్చు. ఈ పిల్ల అల్లరే చెయ్యదు. తిన్న కంచం కడిగి పెడుతుంది. అడక్కుండా ఫ్యాను కూడా వేసుకోదు. చుట్టాలింట్లో ఉన్నట్టు ఒద్దికగా ఉంటుంది. ఆదివారం బట్టలు మడతపెట్టేటప్పుడు మాత్రం పక్కన చేరేది. గుర్తులమ్మ లాండ్రీ కబుర్లు చెప్పేది. దుప్పట్లో చుట్టుకుని వచ్చిన కట్టుడు పళ్ళ కోసం ముగ్గురు ముసలాళ్ళు నావంటే నావని కొట్టుకున్న సంగతి చెబితే పిల్ల కిసుక్కుమంది. నీలం గుర్తు, ఎర్ర గుర్తు సంగతయితే రెండుసార్లు చెప్పించుకుంది.

చేతికి పువ్వులు లొంగాక, గుర్తులమ్మ ఇంటిల్లిపాదికీ తలా ఒక దిండు గలీబు కుట్టాలనుకుంది. ఎవరిది వాళ్ళకే సొంతంగా ఉండాలి. ఆయనకి కాఫీ కప్పు. పంపుల మెకానిక్ కొడుక్కి కొళాయి. కోడలికి కళ్ళజోడు. మూడింటికీ చెయ్యి దానంతటదే నీలం దారం లచ్చి మీదికి పోయింది, ఆవిడ గమనించనే లేదు. పిల్లని అడిగితే తాబేలు కావాలంది, ఎర్రది. "ఎర్ర తాబేలు ఎక్కడుంటుంది?" అని ఆయన నవ్వబోతే ఆవిడ గుడ్లురిమింది. పిల్ల గీసిన బొమ్మనే కార్బన్ కాగితంతో గుడ్డమీదికి దింపి, మూడేసి పోగుల దారంతో డిప్ప మీద గళ్ళన్నీ నింపింది. మిగతా మూడూ కలిపినా అంత పని లేదు.

ఆదివారం భోజనాలయ్యాక ఎవరివి వాళ్ళకి ఇచ్చింది.

"కొళాయి కారుతోందేంటమ్మా?" అన్నాడు కొడుకు, కింద కుట్టిన చుక్క చూసి.

"నువ్వు బిగించింది కదరా, కారక ఏం చేస్తుంది?"

అందరూ నవ్వారు. పిల్ల నాలుగు గలీబులూ పక్కపక్కన పరిచి చూసింది. చాలాసేపు చూసి, "బావుంది" అంది.

మర్నాడు పొద్దున చూస్తే పిల్ల దిండుకి గలీబు లేదు. లాండ్రీ మడత పెట్టి, గుర్తు పైకి కనిపించేట్టు మంచం చివర పెట్టి ఉంది. ఆ మడత నేర్పింది గుర్తులమ్మే.

"ఏమ్మా, నచ్చలేదా?"

"నచ్చింది. మాసిపోతుందని తీశాను" అంది పిల్ల, జడకి రబ్బరు బ్యాండు పెట్టుకుంటూ. "ఎప్పుడు పంపిస్తారు?"

"దేన్నమ్మా?"

"నన్నే. అందరివీ నీలం, నాదొక్కటే ఎరుపు. ముందే చెబితే స్కూల్లో లైబ్రరీ పుస్తకాలు ఇచ్చేస్తాను."

ఏడుస్తూ అన్నా బాగుండేది. బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు అడిగింది. ఇన్నేళ్ళు అన్నం పెట్టిన పనే ఇలా చేస్తుందా అని గుర్తులమ్మకి తన మీద తనకే ఒళ్ళు మండింది.

"నీకు ఎరుపు ఇష్టమని కుట్టానే తల్లీ. ఈ సంగతే తట్టలేదు నాకు."

పిల్ల తలూపింది. మళ్ళీ అదే ఊపు.

"విప్పేసి నీలంతో కుడతాను."

"వద్దు. నాకు ఎరుపే ఇష్టం" అని సంచి తగిలించుకుని స్కూలుకి వెళ్ళిపోయింది.

ఆ పూట గుర్తులమ్మకి అన్నం సయించలేదు. "చిన్నపిల్లే, ఓ బొమ్మ కొనిస్తే మర్చిపోతుంది" అన్నాడు ఆయన. "మీరు మర్చిపోతారు కాఫీ ఇస్తే. అది మర్చిపోయే రకం కాదు" అని కసిరి, ఆ కోపంలోనే ఇస్త్రీ పెట్టె వేడెక్కబెట్టింది. ఇస్త్రీ బల్ల మీద పరిచింది పాతబడిందని లెక్కలోంచి తీసేసి లాండ్రీ వాళ్ళు ఇచ్చిన దుప్పటి. దాని మూల సరిచేస్తుంటే ఆవిడ చెయ్యి ఆగింది.

సాయంత్రం పిల్ల రాగానే ఆ దుప్పటి లాగి ముందు వేసింది. మూలన ఎర్ర గుర్తు, దాన్ని ఆనుకుని నీలం గుర్తు.

"ఇదొక నర్సింగ్ హోమ్‌ది. వాళ్ళు మూసేశాక దుప్పట్లన్నీ మా దగ్గరే ఉండిపోయాయి. ఎరుపు విప్పితే గుడ్డ దెబ్బతింటుందని పక్కనే నీలం వేశాం. వచ్చింది బయటినుంచే. కానీ ఇక మనదే."

"మళ్ళీ ఎవరైనా వచ్చి అడిగితే?"

"ఎవరడిగినా ఇవ్వం."

పిల్ల ఆ రెండు గుర్తుల్నీ వేలితో తడిమింది. తిరగేసి కుట్టు వెనకవైపు కూడా చూసింది. దారం పాతది, వెలిసింది, ఇవాళ కుట్టింది కాదు. మనుషుల మాట నమ్మని పిల్ల గుడ్డని నమ్మింది.

"అయితే వెయ్యండి."

గుర్తులమ్మ తాబేలు పక్కన నీలం గుర్తు వేసింది. పనంతా పిల్ల రెప్పవెయ్యకుండా చూసింది. గలీబు తనే దిండుకి తొడిగి, తట్టి, పక్కన పెట్టుకుంది. గుర్తులమ్మ ఊపిరి పీల్చుకుని సూది పెట్టెలో పెట్టబోయింది.

"మరి మీదేది?"

"నాకెందుకే ఇవన్నీ?"

"లాండ్రీలో గుర్తు లేని గుడ్డ వస్తే ఏం చేసేవాళ్ళు?"

ఆవిడ అబద్ధం చెప్పలేకపోయింది. "చింపి తుడుపుగుడ్డలు చేసేవాళ్ళం."

పిల్ల లేచి వెళ్ళి, ఆవిడ దిండుకున్న తెల్ల గలీబు ఊడదీసి తెచ్చింది.

"మీరు కూడా ఈ ఇంటికి బయటినుంచే వచ్చారుగా?"

"వచ్చాను. పెళ్ళయి."

"అయితే మీకూ రెండు రంగులు. ఈ కొస గట్టిగా పట్టుకోండి."

ఎర్రదారం ఎక్కించి, చివర మిరియం గింజంత ముడి వేసింది. లాండ్రీలో అయితే ఆ ముడి పడుకున్నవాళ్ళ చెంపకి ఒత్తుకుంటుందని ఆవిడ అక్కడికక్కడే విప్పించేది. ఇప్పుడు అలాగే ఉండనిచ్చింది. ఊళ్ళో రోగులందరి దుప్పట్లకీ గుర్తులు కుట్టిన మనిషికి ఇంకొకరు గుర్తు కుట్టడం ఇదే మొదలు. కళ్ళు నిండి గుడ్డ ఆనలేదు. తుడుచుకుందామని చెయ్యి తీసింది.

"అబ్బా, కదపకండి. వంకర పోతోంది" అని కసిరింది పిల్ల.

ఈ ఇంట్లో ఆ పిల్ల ఒకరిని కసరడం అదే మొదటిసారి. గుర్తులమ్మ కళ్ళు తుడుచుకోకుండానే గుడ్డ బిగించి పట్టుకుంది.