ఇబ్రహీంపట్నం ఎండలో గాలియం

ఇబ్రహీంపట్నం దగ్గర శేరిగూడలో ఇంజినీరింగ్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. గాలియం అనే లోహం అరచేతిలో పెట్టుకుంటే ఒంటి వేడికే కరుగుతుంది. అది చూపిద్దామని ఈ రోజు ఒక ముద్దను ప్లాస్టిక్ డబ్బీలో వేసుకుని, స్కూటర్ డిక్కీలో పెట్టుకుని వెళ్లాను. క్లాసులో మూత తీస్తే లోపల వెండి నీళ్లున్నాయి.

కరిగేది చూపించాలంటే ముందు గడ్డకట్టాలి. కాలేజీ గేటు బయట చేపలమ్మే యాదమ్మక్కను బతిమాలి, ఆ డబ్బీని ఆమె ఐసులో బొచ్చె చేపల మధ్య పెట్టించాను.

"గిదేంది సారూ, పాదరసమా?"

"కాదక్కా, వేరే లోహం. ముప్పై డిగ్రీలు దాటకముందే కరుగుతది."

"ముప్పయ్యా? గంత సల్లగుంటే మేం దుప్పటి కప్పుకుంటం. దీన్ని గీ ఎండలల్ల ఎందుకు తెచ్చినవ్?"

మధ్యాహ్నానికి గడ్డకట్టింది. రెండు ముక్కలు చేసి, ఒకటి ఓ అమ్మాయి అరచేతిలో పెట్టాను. అది కరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేసరికి బల్ల మీద వదిలేసిన రెండో ముక్క కూడా కరిగిపోయింది.

బోర్డు మీద "ఒంటి వేడికి కరిగే లోహం" అని రాసినదాంట్లో "ఒంటి వేడికి" అన్నది నేనే చెరిపేశాను. మీ ఊళ్లో ఈ ప్రయోగం ఏ నెలలో పనిచేస్తుందో కాస్త చెప్పండి.