చెల్లెలి గుంట

ఆ దరఖాస్తు నింపింది నేనే. తప్పు ఇంకొకరి నెత్తిన రుద్దే వీలు కూడా లేదు.

చిట్టమూరు దగ్గర ఉప్పు కాలువ పక్కన మాకు మూడు రొయ్యల గుంటలు. అనుమతి లేకుండా సాగు చేస్తున్నామని మత్స్యశాఖ వాళ్లు కేసు పెట్టారు. జరిమానా కట్టి, సాగులో ఉన్న గుంటలన్నీ దాచకుండా చూపిస్తే కేసు మూసేస్తామన్నారు. కట్టాను, చూపించాను. సెటిల్‌మెంట్ ఆర్డర్ చేతికొచ్చిన రోజు ఇంట్లో అందరం కడుపునిండా తిన్నాం.

దరఖాస్తులో నాలుగో గుంట మాత్రం రాయలేదు. అది చెల్లెలికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన నేల. నీళ్లు పెట్టేదీ, మేత చల్లేదీ నేనే, పంట మాత్రం తనది. ఆడబిడ్డకు ఇచ్చినదాన్ని మాదని రాసుకుంటే మా వైపు మొహాన ఉమ్మేస్తారు. ఆ మర్యాద ఆఫీసులకు ఏం తెలుస్తుంది!

రొయ్యలు పట్టడానికి ఇంకో ఇరవై రోజులుందనగా తనిఖీకి వచ్చారు. నేను నాలుగో గుంటలో మేత చల్లుతూ కనిపించాను. వారం తిరక్కుండా ఆర్డర్ రద్దు చేశారు. కట్టింది తిరిగి రాదు, పాత కేసు మళ్లీ మొదటికొచ్చింది. అన్ని గుంటలకూ కరెంటు తీసేస్తామని నోటీసు అంటించారు. కరెంటు పోతే నీళ్లలో గాలి తిప్పే చక్రాలు ఆగుతాయి, చక్రాలు ఆగితే రొయ్య బతకదు. నాకు ఏడుపొచ్చింది.

సంగతి తెలిసి చెల్లెలు నాయుడుపేట నుంచి వచ్చింది. ఇద్దరం నెల్లూరు ఆఫీసుకు పోయాం. నిజం రాసిస్తే పెద్దాయనకు చూపిస్తానన్నాడు గుమస్తా.

"నీదేనని రాసెయ్యన్నా. అన్నీ చస్తా ఉంటే ఇంకా మర్యాదేంది?" అంది చెల్లెలు.

రాశాను. ఆ గుంట మొదటినుంచీ నా సాగులోనే ఉంది, అది నాదే అని. నా బతుకులో అంత సిగ్గుపడింది లేదు. చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

అధికారి చదివి, కాగితం ఫైల్లో పెట్టాడు.

"అంటే తెలిసే దాచినావు. మేము రద్దు చేసింది సరైనదేనని నువ్వే రాసిచ్చినావు గదయ్యా."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. కాళ్లు పట్టుకోబోయాను, లేచి వెళ్లిపోయాడు.

బస్టాండు చేరకముందే గుంటల కాపలా మనిషి ఫోన్ చేశాడు, కరెంటు తీసేశారని. చెల్లెలు ఫోన్ లాక్కుంది.

"నా గుంటలో గూడానా?" అని అడిగి, నా మొహం చూసి, చప్పున నోరు మూసుకుంది.