పేరు బళ్ళోనే ఉందండి

ఏలూరులో ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజు నా కాళ్ళకున్న చెప్పులు మా చెల్లివి. నా చెప్పుల పట్టీ తెగిపోయి అప్పటికి వారం. పొద్దున్నే తన కొత్త జత తెచ్చి నా ముందు పెట్టి, తను పాత రబ్బరు చెప్పులు వేసుకుంది. బొటనవేలు దగ్గర బిగుతుగా ఉన్నాయని దారి పొడుగునా దాని మీద సణుగుతూనే ఉన్నాను. నాకా గుణం మొదట్నించీ ఉంది. భయం వేస్తే అది కోపమై బయటికొస్తుంది, అదీ ఇంట్లోవాళ్ళ మీదే.

మాది కొల్లేటి లంక. నాన్న వేరేవాళ్ళ చేపల చెరువుకి కాపలా ఉంటాడు. గట్టు మీద పాకలో పడుకుని, పొద్దున్నే పడవలో మేత వేసి, పక్షుల్ని తోలుకుంటూ ఉంటాడు. అమ్మ రొయ్యల షెడ్డుకి వెళ్ళేది. ఐసులో పోసిన రొయ్యలకి తలలు తీసి, పొట్టు ఒలిచే పని. నన్ను తాడేపల్లిగూడెంలో హాస్టల్లో పెట్టి డిగ్రీ చదివించారు. నేను ఆఖరి సంవత్సరంలో ఉండగా అమ్మకి మోకాళ్ళు పట్టేసి, లేచి నిలబడలేకపోయింది. షెడ్డు వ్యాను మా వీధి చివర ఆగి హారను కొడితే, అమ్మ బదులు చెల్లి ఎక్కింది. అక్కడ దాని వయసు పద్దెనిమిదని చెప్పారు. చూసినవాళ్ళెవరూ నమ్మరు, కానీ ఎవరూ అడగలేదు.

అప్పటికి చెల్లి ఏడు పాసై, పక్క ఊరి హైస్కూల్లో ఎనిమిదిలో చేరి పది రోజులు వెళ్ళింది. తర్వాత వెళ్ళలేదు. పేరు మాత్రం హాజరుపట్టీలో ఉండిపోయింది. మరుసటి ఏడు మా చెల్లి షెడ్డులోనే ఉంది, దాని పేరు పాసై తొమ్మిదిలోకి వెళ్ళింది.

ఇది మా ఒక్కింటి సంగతి కాదు. చెరువుల్లో చేపలు పట్టే రోజుల్లో మావాళ్ళు పెళ్ళాంబిడ్డలతో గట్ల మీదికి మకాం మారతారు, ఒక్కోసారి ఉండి మండలం దాకా పోతారు. వెళ్ళేముందు మేష్టారి దగ్గరికెళ్ళి, "పేరు మాత్రం కొట్టేయకండి బాబూ, వచ్చేత్తాం" అని బతిమాలతారు. పిల్లలు తగ్గితే బడికున్న ఇంకో మేష్టర్ని ఎక్కడ తీసేస్తారోనని ఆయనా కొట్టేయడు. ఎవరి అవసరం వాళ్ళది. ఎవరైనా వచ్చి పిల్ల చదువుతోందా అని అడిగితే మా లంకలో ఒకటే జవాబు: "పేరు బళ్ళోనే ఉందండి." అది మాకు అబద్ధంలా అనిపించదు. అన్నం అయిందా అంటే పొయ్యి మీదుంది అన్నట్టు చెబుతాం. పేరున్నంత కాలం పిల్ల ఏదో ఒక రోజు వెళ్తుందని నమ్మకం. నేనూ అలాగే నమ్మాను. డిగ్రీ అయిపోతుంది, నాకు ఉద్యోగం వస్తుంది, అది మళ్ళీ బడికెళ్తుంది అనుకునేదాన్ని.

ఆ ఉద్యోగం కూడా అలాంటిదే దొరికేలా ఉంది. ఒక స్వచ్ఛంద సంస్థలో, బడి మానేసిన పిల్లల్ని ఇంటింటికీ తిరిగి వెతికి, వెనకబడిన పాఠాలు చెప్పి, మళ్ళీ తరగతిలో కూర్చోబెట్టే పని. లంకల్లో తిరగడానికి ఆ ప్రాంతపు మనిషే కావాలట. హాస్టల్లో నాతో చదివిన అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నాకోసమే పుట్టిన ఉద్యోగం అనిపించింది.

అమ్మ, "ఒక్కదాన్నీ ఏలూరు పంపనమ్మా, చెల్లిని తోడు తీసుకెళ్ళు" అంది. చెల్లి ఆ రోజుకి షెడ్డు మానేసి బయల్దేరింది. తెల్లవారకముందే లేచి నిమ్మచెక్కతో వేళ్ళు రుద్దుకుంది. అయినా ఆ వాసన పోదు. పొద్దస్తమానం ఐసు నీళ్ళలో నాని దాని వేళ్ళ చివర్లు తెల్లగా ఉబ్బి, అక్కడక్కడ తోలు లేచి ఉండేవి. బస్సులో దాన్ని కిటికీ వైపు కూర్చోబెట్టాను. చల్లగాలి కోసం అనుకుని సంబరపడింది. అసలు కారణం అదికాదని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆఫీసు ఒక మేడ మీద రెండు గదులు. రెంటికీ మధ్య సగం దాకా చెక్క, పైన అద్దం. బయటి గదిలో ఒక బల్ల వేసి ఉంది. చెల్లిని అక్కడ కూర్చోబెట్టి, "ఇక్కడే ఉండు. పిలిచినా లోపలికి రాకు" అన్నాను.

"వాసనొత్తందా అక్కా?" అంది.

"కొంచెం" అన్నాను. చేతులు రెండూ చున్నీ కింద పెట్టుకుని కూర్చుంది.

లోపల ముగ్గురున్నారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ, రిటైరైన హెడ్మాస్టరు గారు ఒకాయన, లాప్‌టాప్ ముందు ఒక కుర్రాయన. నేను బాగానే మాట్లాడాను. గట్ల మీద పిల్లలు చదువుకి ఎందుకు దూరమవుతారో చెప్పాను. చెరువు మేత బస్తాల మీద అంకెలు చూపించి కూడికలు ఎలా నేర్పవచ్చో చెప్పాను. హెడ్మాస్టరు గారు నవ్వి, "ఈ అమ్మాయికి మనం చెప్పేదేం లేదండీ, ఈవిడే మనకి చెప్పేలా ఉంది" అన్నారు. నాకు ధైర్యం వచ్చింది.

అప్పుడు పెద్దావిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఒక్క మాటమ్మా. మేం ఎవర్ని తీసుకున్నా ముందు ఇది చూస్తాం. తన ఇంట్లో పిల్లని బడికి పంపుకోలేని మనిషి ఊళ్ళో వాళ్ళని ఏ మొహంతో అడుగుతుంది? మీ ఇంట్లో చదువుకునే వయసు పిల్లలెవరైనా ఉన్నారా?"

"చెల్లి ఉందండి."

"ఏం చదువుతోంది?"

పేరు బళ్ళోనే ఉందండి అని అందామనుకున్నాను. లంకలో అయితే ఆ మాటే అనేదాన్ని, వాళ్ళకి అసలు సంగతి అర్థమయ్యేది. కానీ అక్కడ నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"తొమ్మిదో తరగతండీ."

"రోజూ వెళ్తుందా?"

"ఆయ్, వెళ్తుందండి. బాగా చదువుతుంది."

ఆవిడ మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నారు. కుర్రాయన ఏదో టైపు చేసుకున్నాడు. అద్దంలోంచి చెల్లి జడ కనిపిస్తోంది. గోడకి ఆనుకుని కూర్చున్నదల్లా ఒక్కసారి నిటారుగా అయింది. విన్నదన్నమాట.

బయటికొచ్చాక దాని మొహం చూడలేదు. గబగబా మెట్లు దిగాను. బస్టాండుకి నడుస్తుంటే వెనకనుంచి అడిగింది.

"ఉద్యోగం వత్తాదా?"

"వస్తుందనుకుంటా."

బస్టాండు ఎదురుగా పుస్తకాల షాపు ఉంది. చెల్లి అక్కడ ఆగి, వేలాడుతున్న గైడ్ల వైపు చూసి, "అక్కా, తొమ్మిదిలో ఏం పాఠాలుంటాయి?" అంది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. దెప్పుతోందనుకున్నాను. "ఇప్పుడవన్నీ ఎందుకే నీకు? నోరు మూసుకుని నడువు" అని కసిరాను. నలుగురూ తిరిగి చూశారు. చెల్లి మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

ఉద్యోగం వచ్చింది. అమ్మ ద్వారకా తిరుమల మొక్కు తీర్చుకుంది. చెల్లిని వెంటనే బడికి పంపాల్సింది. అమ్మ మోకాళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి, నా మొదటి నెలలు ఎలా గడుస్తాయో తెలియదు, సంక్రాంతి దాటాక పంపుదాం అన్నాం. తర్వాత వేసవి దాటాక అన్నాం. ఇవి సాకులని అప్పుడే తెలుసు. అసలు కారణం ఇంకొకటి.

నాకిచ్చిన మొదటి పనే లంకల్లో ఇంటింటి జాబితా. పేరుండి బడికి రాని పిల్లల్ని రాయాలి. అలా రాసిన పిల్లకే మా సంస్థ పాఠాలు చెప్పి, బడివాళ్ళతో మాట్లాడి, తిరిగి తరగతిలో చేర్పిస్తుంది. మా వీధిలో అన్ని ఇళ్ళూ రాశాను. మా ఇల్లు వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. చెల్లి పేరు రాస్తే, ఇంటర్వ్యూలో చెప్పింది అబద్ధమని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు. పెద్దావిడ ఆ కాగితాలు ఒక్కొక్కటీ చదువుతారు. మా ఇంటి ఎదురుగా గడిలో 'బడికి వెళ్తోంది' అని రాసి పక్కింటికి వెళ్ళిపోయాను. గురివింద గింజ సామెత పెద్దవాళ్ళు ఊరికే చెప్పలేదు.

పక్కింటి పిల్ల నా దగ్గర పాఠాలు నేర్చుకుని బడికెళ్ళింది. ఆ వెనక వీధి పిల్లలిద్దరు వెళ్ళారు. సాయంత్రం కమ్యూనిటీ హాల్లో వాళ్ళకి నేను ఎక్కాలు చెప్తుంటే షెడ్డు వ్యాను వచ్చి ఆగేది. చెల్లి దిగి, కిటికీ దగ్గర రెండు నిమిషాలు నిలబడి, ఇంటికి వెళ్ళిపోయేది. లోపలికి రమ్మని నేను ఒక్కసారి పిలవలేదు. పిలిస్తే ఆ పిల్లల ముందు ఏమంటుందోనని భయం. అలా ఒక సంవత్సరం గడిచింది, దాని పేరు పదిలోకి వెళ్ళింది. పరీక్షకి పేరు వెళ్ళలేదు కాబట్టి అక్కడితో హాజరుపట్టీలోంచి కూడా పోయింది. ఎవరూ కొట్టేయలేదు, దానంతటదే అయిపోయింది.

ఆరేళ్ళయింది. నేనిప్పుడు అదే సంస్థలో కొంచెం పెద్ద పనిలో ఉన్నాను. చెల్లి షెడ్డులో ఆడవాళ్ళ వరసకి మేస్త్రీ. మొన్న ఓపెన్ స్కూల్ పదో తరగతి ఫారం తెచ్చి దాని ముందు పెట్టాను. తెల్లవారుజాము, వ్యాను వచ్చే వేళ. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. చెల్లి గుమ్మంలో కూర్చుని టీ తాగుతోంది.

"ఇప్పుడెందుకే అక్కా" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆరేళ్ళు మింగిందంతా చెప్పేశాను. ఇంటర్వ్యూలో అబద్ధం చెప్పినందుకు, జాబితాలో రాయనందుకు, బస్టాండు దగ్గర కసిరినందుకు క్షమించమన్నాను. "నువ్వు నన్ను దెప్పావనుకున్నానే ఆ రోజు" అన్నాను.

చెల్లి గ్లాసు కింద పెట్టింది. నిజంగానే అర్థంకానట్టు చూసింది.

"దెప్పడమేంటే? నాకు ఎంత సంతోషమేసిందో తెలుసా ఆ రోజు. నువ్వు తొమ్మిదో తరగతి అనగానే నేను కాళ్ళు దగ్గరికి తీసుకుని సరిగ్గా కూర్చున్నాను, బళ్ళో కూర్చున్నట్టు. అంత పెద్దోళ్ళ ముందు చెప్పేసింది కదా, ఇంక పంపకుండా ఎలా ఉంటాది అనుకున్నాను. అందుకే పాఠాలేముంటాయని అడిగాను."

వీధి చివర వ్యాను హారను కొట్టింది. చెల్లి లేచి చున్నీ సర్దుకుని, ఫారం మడత పెట్టి నా చేతిలో పెట్టింది. "మా షెడ్డులో ఒక పిల్ల ఉంది, పద్నాలుగేళ్ళుంటాయి. దాని పేరు ఇంకా బళ్ళోనే ఉందంట. ముందు దాన్ని రాసుకో" అని చెప్పి, పరుగున వెళ్ళి వ్యాను ఎక్కింది.