మొహం తిప్పుకున్న కుక్క

మా అత్తగారు మోకాళ్ల వైద్యం కోసం బోధన్ నుంచి వచ్చిన ఆదివారం అది. నిజామాబాద్ బస్టాండు నుంచి ఆటోలో తీసుకువచ్చి, చేతిసంచితో సహా ఇంటిముందు దింపాను. మేము కొత్తగా పెంచుకుంటున్న కుక్క గుమ్మంలోనే ఎదురైంది. పసుపు మార్కెట్ యార్డులో పుట్టిన కుక్క. ఒంటి రంగు కూడా ఆ సరుకుదే. ఆమె దానిమీదికి వంగి, కళ్లలోకి సూటిగా చూస్తూ తల నిమరబోయింది. కుక్క పెద్దగా ఆవులించి, మూతి నాక్కుని, మొహం పక్కకు తిప్పుకుంది.

గడప తొక్కిన చుట్టం ఎదుట మొహం తిప్పుకోవడాన్ని మా వైపు ఎవరూ క్షమించరు.

“సూసినవా బిడ్డా! గీ కుక్కకు గింత పొగరా?” అంది అత్తగారు తన కూతురితో. “నేనన్న ఉండాలె, గదన్న ఉండాలె. పొద్దుమీకి బస్సుకు మల్ల బోధన్ పోత.”

సంచి విప్పకుండా తలుపు పక్కనే పెట్టి, చాప మీద కూర్చుంది. నా భార్య నావైపు చూసింది. ఆ చూపును బట్టి తల్లి మోకాళ్లూ, కుక్క నివాసమూ రెండూ నా బాధ్యతే.

కుక్కకు టీకా వేసిననాడు పశువుల డాక్టరు చెప్పిన మాటలను డైరీలో రాసుకుని, తర్వాత కుక్కతో సరిచూసుకున్నాను. నిద్ర రాకుండా ఆవులించినా, తిండి లేకుండా మూతి నాక్కున్నా అది బెదిరిందని అర్థం. మొహం తిప్పుకున్నదంటే గొడవ వద్దని బతిమాలుతున్నట్టు.

“అత్తమ్మా, గది పొగరు కాదు, మర్యాద. పెద్దోళ్ల కండ్లల్లకు చూడదు.”

“కుక్కకు మర్యాదేంది అల్లుడా?”

“మీరు కొత్త కోడలుగా వచ్చినప్పుడు మీ అత్త మొకంలకు చూసిండ్రా?”

“అమ్మో! పక్కకు తిరిగి నిలవడేదాన్ని. ఆమె కండ్లు నల్లగున్నయో, పిల్లి కండ్లో, చానొద్దుల దాక నాకు తెల్వనే తెల్వదు.”

“గిదీ కొత్త కోడలే మరి.”

వంటింట్లోంచి నా భార్య గొంతు వినిపించింది. “నేను మాట్లాడంగనే మీరు ఆవులిస్తరు గదా, గదీ మర్యాదేనా?”

“గది భయం,” అన్నాను, డాక్టరు వివరణకు కట్టుబడి.

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత మోకాళ్లు పట్టుకుని మెల్లగా పక్కకు జరిగి, నెత్తిమీద కొంగు కప్పుకుని, గోడవైపు మొహం తిప్పుకుని, ఒక చెయ్యి మాత్రం నేల మీద వదిలింది.

“గిప్పుడు నేను అత్తనా, కోడలినా?” అని గోడను అడిగింది.

కుక్క సూటిగా రాలేదు. గది అంచు వెంట వంపు తిరిగి, తోక కిందికి దించి మెత్తగా ఊపుతూ వచ్చింది. ఆమె వేళ్లు వాసన చూసింది, సంచినీ చూసింది. చివరకు సంచి మీద గడ్డం ఆనించి పడుకుంది.

సాయంత్రం బస్సు వేళ దాటిపోకూడదని అడిగాను. “ఆటో పిలవాల్నా, అత్తమ్మా?”

“సప్పుడు చెయ్యకు!” అంది ఆమె, గోడవైపు నుంచి తిరగకుండానే. “పిల్లకు గిప్పుడే కునుకు పట్టింది. సంచి ఎట్ల గుంజాలె?”